పాత కారుకి స్పార్క్ ప్లగ్గులు, హెచ్‌టీ వైర్లు ఎలా ఎంచుకోవాలి, ఎలా వేసుకోవాలి

పాత కార్లు పెట్టుకున్నవాళ్ళు అందరూ తిప్పి తిప్పి ఇదే అడుగుతుంటారు, "మంచి ప్లగ్గు ఏదండీ, ఇరిడియం వేయించమంటారా, 8 మి.మీ. వైర్లు వేస్తే పికప్ పెరుగుతుందా" అని. ఒక్కొక్కళ్ళకి విడిగా చెప్పే బదులు మొత్తం ఒక్కచోట రాసేస్తున్నా. డబ్బు ఎక్కువ పెడితే ఇంజిన్ బాగా నడుస్తుందనుకుంటే ఈ విషయంలో పప్పులో కాలేసినట్టే. పాత ఇంజిన్ అడిగేది సరైన పొడుగు, సరైన వేడి, సరైన గ్యాప్ (స్పార్క్ దూకే సందు) ఉన్న మామూలు ప్లగ్గు, దానికి జత కుదిరే హెచ్‌టీ వైరు (ఎక్కువ వోల్టేజ్ పుట్టించే కాయిల్ నుంచి ప్లగ్గుల దాకా దాన్ని మోసే వైరు), అంతే. ఇక్కడ చెప్పేదంతా డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ కరెంటుని వరసగా ఒక్కో సిలిండర్‌కి పంచేది), కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపేది) ఉన్న పెట్రోల్ కార్ల గురించి. పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్ లోపల కాయిల్ కరెంటుని కలిపి తెంచే స్విచ్) ఉన్నా, వాటి బదులు ఎలక్ట్రానిక్ కిట్ వేసుకున్నా పనికొస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ కారు హ్యాండ్‌బుక్ లేదా వర్క్‌షాప్ మాన్యువల్. ఇంజిన్ మార్చిన కారైతే ఆ ఇంజిన్‌ది కావాలి, కారుది కాదు
- లోపల రబ్బరు ఉన్న ప్లగ్ సాకెట్. పాత 14 మి.మీ. ప్లగ్గుల్లో చాలావాటికి 20.8 మి.మీ. సైజు పడుతుంది, కొన్నిటికి 16
- ఫీలర్ గేజ్. గుండ్రటి తీగల గేజ్ దొరికితే ఇంకా మంచిది
- మల్టీమీటర్
- వెర్నియర్, లేకపోతే మామూలు స్కేలు
- ప్లగ్గు తలకి బిగువుగా పట్టే రబ్బరు గొట్టం ముక్క ఒకటి
- మాస్కింగ్ టేపు, పెన్ను, ఫోన్ కెమెరా
- టార్క్ రెంచ్ ఉంటే సంతోషం, లేకపోయినా పని ఆగదు

1. విప్పే ముందు గుర్తులు పెట్టుకోండి

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. అల్యూమినియం హెడ్ (సిలిండర్ల పైన ఉండే, ప్లగ్గులు బిగించే భాగం) వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గు విప్పితే మరలు ఊడి వచ్చేస్తాయి, ఆ తర్వాత ఖర్చు ప్లగ్గుది కాదు హెడ్‌ది. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ పైనుంచి ఒక ఫోటో, పక్కనుంచి ఒక ఫోటో తీసుకోండి, ప్రతి వైరుకీ టేపు చుట్టి సిలిండర్ నంబరు రాయండి. వైరు లాగేటప్పుడు చివర ఉన్న బూటు పట్టుకుని కొంచెం తిప్పి లాగాలి, వైరు పట్టుకుని గుంజకూడదు. కార్బన్ వైరు అలా గుంజితే లోపల తెగుతుంది, పైకి ఏమీ కనపడదు, నెల తర్వాత మిస్సింగ్ (ఒక సిలిండర్ సరిగ్గా పేలకపోవడం) మొదలయ్యాక కార్బురేటర్ మీద పడతారు.

ప్లగ్గుని అర చుట్టు వదులు చేసి ఆపి, చుట్టూ ఉన్న గుంటలో దుమ్మంతా గాలి కొట్టి ఊదేసి అప్పుడు పూర్తిగా విప్పండి. లేకపోతే ఆ ఇసుకంతా సిలిండర్లోకే పోతుంది.

2. పాత ప్లగ్గుల్ని చూడండి, పారేయకండి

విప్పినవాటిని సిలిండర్ వరుసలోనే పేర్చండి. ఏ సిలిండర్‌ది ఏదో తెలియకపోతే చూసి లాభం లేదు.

- లేత గోధుమ రంగు లేదా బూడిద రంగు, పొడిగా: అంతా సవ్యంగా ఉంది
- పొడి మసి, చేత్తో తుడిస్తే నల్లగా అంటుకునేది: మిక్చర్ రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువగా) ఉంది, లేదా చోక్ ఇరుక్కుంది, లేదా చిన్న చిన్న దూరాలే తిప్పుతున్నారు, లేదా ప్లగ్గు మరీ కోల్డ్ (వేడిని తొందరగా హెడ్‌కి వదిలేది)
- తడి తడిగా జిడ్డు: ఆయిల్ పైకి వస్తోంది, రింగులో వాల్వ్ గైడ్లో చూసుకోవాలి
- తెల్లగా కాలిపోయి పింగాణీ మీద చిన్న బొబ్బలు: మిక్చర్ లీన్ (పెట్రోల్ తక్కువ), లేదా టైమింగ్ (స్పార్క్ వచ్చే సమయం) ఎక్కువ ముందుకి ఉంది, లేదా ప్లగ్గు మరీ హాట్ (వేడిని నెమ్మదిగా వదిలేది)

పాత మాన్యువల్స్‌లో కనిపించే ఆ ముదురు గోధుమ రంగు సీసం కలిపిన పెట్రోల్ రోజులది. సీసం లేని పెట్రోల్‌తో ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్లో కూడా పింగాణీ కాస్త తెల్లగానే కనపడుతుంది. ఆ ఫోటోలు పక్కన పెట్టుకుని రంగు కలవలేదని కార్బురేటర్ జెట్ (పెట్రోల్ వచ్చే రంధ్రం) పెద్దది చేసుకున్నవాళ్ళు ఉన్నారు, తర్వాత అదే మసికి మళ్ళీ ప్లగ్గు మారుస్తారు. బొబ్బలు లేకుండా, ఎలక్ట్రోడ్ అంచులు కరిగిపోకుండా ఉంటే తెలుపు చూసి కంగారు పడకండి.

నాలుగూ ఒకేలా ఉంటే అది మొత్తం ఇంజిన్ సంగతి. ఒక్కటే తేడాగా ఉంటే ఆ సిలిండరో, ఆ వైరో చూసుకోవాలి. జిడ్డు పట్టిన ఒక్క సిలిండర్‌కి మాత్రం హాట్ ప్లగ్గు వేసి నెట్టుకురావడం పాత చిట్కానే, పనిచేస్తుంది కూడా, కానీ రింగులు వేయించే దాకానే.

3. సైజు కొలవండి: పొరపాటు చేయకూడనిది ఇక్కడే

మూడు కొలతలు కావాలి.

మర వ్యాసం: చాలావాటికి 14 మి.మీ., ఇంకా పాత కాలం వాటిలో 18 మి.మీ. ఉంటుంది. ఇందులో తప్పు జరగదు, ఎందుకంటే అసలు ఎక్కదు.

రీచ్, అంటే కూర్చునే చోటు నుంచి మర చివరి దాకా పొడుగు: సాధారణంగా 12.7 మి.మీ. లేదా 19 మి.మీ. పేచీ అంతా దీంతోనే, రెండూ ఒకే మర కాబట్టి రెండూ చక్కగా ఎక్కుతాయి. 12.7 ఉండాల్సిన చోట 19 వేస్తే చివర లోపలికి పొడుచుకొస్తుంది, అదృష్టం బాగుంటే పిస్టన్‌కి తగలదు, అయినా బయటికి వచ్చిన మరలకి మసి పట్టి తర్వాత విప్పేటప్పుడు హెడ్ మరల్ని కూడా తీసుకుని వస్తుంది. 19 ఉండాల్సిన చోట 12.7 వేస్తే స్పార్క్ గుంటలో దాక్కుంటుంది, కింద ఖాళీగా ఉన్న మరల్లో కార్బన్ గట్టిపడుతుంది, తర్వాత సరైన ప్లగ్గు కూడా లోపలికి దిగదు.

ఎంజీబీకి (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) 19, ఎయిర్ కూల్డ్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కి 12.7. ఇక ఎంజీ టీ సిరీస్‌లోని ఎక్స్‌పీఏజీ ఇంజిన్ చూడండి, మొదట వచ్చిన హెడ్‌కి 12.7, తర్వాత వచ్చిన హెడ్‌కి 19, బయటికి మాత్రం ఇంజిన్ అదే పేరు. కారు పేరు చెప్పి ప్లగ్గు అడగొద్దు అనేది అందుకే. యాభై ఏళ్ళలో ఎవరు ఏ హెడ్ మార్చారో ఎవరికి తెలుసు. ఉన్న ప్లగ్గు కూడా ఇదివరకు ఎవరో తప్పుగా వేసిందే కావచ్చు కాబట్టి దాన్నొక్కటే నమ్మకుండా హెడ్‌లో మర ఎంత లోతు ఉందో చిన్న తీగని కొక్కెంలా వంచి కొలవండి, రెండూ కలిస్తేనే ముందుకి వెళ్ళండి.

సీటు: వాషర్ ఉన్న చదును సీటా, వాషర్ లేని ఏటవాలు సీటా. ఒకదాని చోట ఇంకోటి వేయకూడదు, గ్యాస్ లీకవుతుంది.

4. హీట్ రేంజ్, ఆ కోడ్‌ల గోల

థియరీ రెండు ముక్కల్లో చెప్తా. ప్లగ్గు కొన సుమారు 450 డిగ్రీలు దాటితే మసి తనే కాల్చుకుంటుంది, 850 దాటితే స్పార్క్ రాకముందే మిక్చర్‌ని అంటించేస్తుంది. ఈ రెంటి మధ్య ఉంచడమే హీట్ రేంజ్ పని. హాట్ అంటే స్పార్క్ గట్టిగా వస్తుందని కాదు, వేడిని నెమ్మదిగా హెడ్‌కి వదులుతుందని.

తికమక ఎక్కడంటే కంపెనీకో లెక్క. ఎన్‌జీకే, డెన్సోలలో నంబరు పెరిగితే కోల్డ్. బాష్, ఛాంపియన్‌లలో నంబరు పెరిగితే హాట్. ఒకటే ప్లగ్గుని నలుగురూ ఎలా పిలుస్తారో చూడండి:

- ఎన్‌జీకే బీపీ6ఈఎస్
- డెన్సో డబ్ల్యూ20ఈపీ
- బాష్ డబ్ల్యూ7డీసీ
- ఛాంపియన్ ఎన్9వైసీ

నాలుగూ 14 మి.మీ. మర, 19 మి.మీ. రీచ్, ఇంచుమించు ఒకే వేడి. ఎన్‌జీకే కోడ్ విడదీస్తే బీ అంటే 14 మి.మీ. మర, పీ అంటే పింగాణీ ముక్కు బయటికి పొడుచుకుని ఉంటుందని, 6 హీట్ రేంజ్, ఈ అంటే 19 మి.మీ. రీచ్, ఎస్ అంటే మామూలు రాగి కోర్. ఈ బదులు హెచ్ ఉంటే 12.7 మి.మీ. మధ్యలో ఆర్ చేరి బీపీఆర్6ఈఎస్ అయితే లోపల రెసిస్టర్ (రేడియోలో గరగర తగ్గించే అడ్డం) ఉందని. ఒక్క అక్షరంలో రీచ్ మారిపోతుంది కాబట్టి డబ్బా మీద కోడ్ పెద్దగా చదువుకుని మరీ కొనండి.

పాత హ్యాండ్‌బుక్‌లో లాడ్జ్, కేఎల్‌జీ లాంటి పేర్లు ఉంటే బెంగ పడక్కర్లేదు, క్రాస్ రిఫరెన్స్ పట్టికలో వాటికి సమానమైనవి దొరుకుతాయి. కేఎల్‌జీ అనేది కెనెల్మ్ లీ గిన్నెస్ అనే రేసు డ్రైవర్ పేరులోని అక్షరాలు, తన రేసు కార్లో ప్లగ్గులు నిలవక సొంతంగా చేసుకోవడం మొదలుపెట్టాడట. అయితే ఒక్క పట్టికని నమ్మకండి, రెండు చోట్ల చూసి రీచ్ మీరు కొలిచినదానితో కలుస్తుందో లేదో సరిచూసుకోండి.

ఏది కొనాలి అంటే, కంపెనీ చెప్పిన రేంజే కొనండి. ఎక్కువగా సిటీలో మెల్లగా తిప్పుతూ మసి పడుతుంటే, మిక్చర్ సరిచేశాక కూడా పడుతుంటే, ఒక్క మెట్టు హాట్‌కి వెళ్ళొచ్చు. కంప్రెషన్ పెంచి కట్టించిన ఇంజిన్ అయితే, లేదా గంటల తరబడి హైవే మీద తొక్కే పనైతే ఒక మెట్టు కోల్డ్. రెండు మెట్లు మారాల్సి వస్తోందంటే తప్పు ప్లగ్గుది కాదు.

5. రాగి, ప్లాటినం, ఇరిడియం

నా మటుకు మామూలు రాగి కోర్ ప్లగ్గే. ఇరిడియంకి కొన సన్నం కాబట్టి స్పార్క్‌కి తక్కువ వోల్టేజ్ చాలు, చలిలో స్టార్టింగ్ కొంచెం తేలిక అవుతుంది, అది నిజమే. కానీ దాని అసలు గొప్ప ఎక్కువ కిలోమీటర్లు మన్నడం, ఏడాదికి కాస్త దూరం తిరిగే కారుకి ఆ మన్నిక ఏం చేసుకుంటాం. రిచ్ మిక్చర్‌లో ఒకసారి తడిసి మసి పట్టిందంటే అదీ ఆగిపోతుంది, దాన్ని వైర్ బ్రష్‌తో రుద్దితే సన్నకొన పాడవుతుంది.

నకిలీలు చాలా తిరుగుతున్నాయి. పింగాణీ మీద అచ్చు అలుక్కుపోయినట్టు ఉన్నా, మధ్య ఎలక్ట్రోడ్‌కి సరిగ్గా పైన పక్క ఎలక్ట్రోడ్ లేకుండా ఒరిగి ఉన్నా, వాషర్ ఇలా తిప్పగానే ఊడి చేతికొచ్చినా, ఒకే డబ్బాలోవి గ్యాప్ తలో రకంగా ఉన్నా తిరిగి ఇచ్చేయండి.

తల కూడా చూడండి. కొన్ని వైర్ల క్యాపులకి ప్లగ్గు పైన గుండ్రటి నట్టు ఉండాలి, కొన్నిటికి అది తీసేసి సన్న మర మీదే కూర్చోవాలి. నట్టు ఉంచేట్టయితే ప్లయర్‌తో ఒకసారి బిగించండి. ఈ నట్టు వదులుగా ఉండి మిస్సింగ్ వచ్చే కేసులు బోలెడు.

6. వైర్లు ఎంచుకోవడం

మూడు రకాలున్నాయి.

*రాగి కోర్*: రెసిస్టెన్స్ దాదాపు సున్నా, ఏళ్ళ తరబడి మన్నుతుంది. పాయింట్లు ఉన్న ఒరిజినల్ కారుకి బాగా కుదురుతుంది. రేడియోలో గరగర వస్తుంది కాబట్టి రెసిస్టర్ ఉన్న క్యాపులో, ఆర్ ప్లగ్గులో వేసుకోవాలి. బీటిల్‌లో కంపెనీ నుంచి వచ్చే పద్ధతే అది, వైరు రాగి, రెసిస్టర్ ప్లగ్గు క్యాపులోనూ రోటర్లోనూ (డిస్ట్రిబ్యూటర్ లోపల తిరుగుతూ ఒక్కో వైరుకీ కరెంటు అందించేది).

*కార్బన్ కోర్*: మీటరుకి సుమారు 10 నుంచి 20 కిలో ఓమ్‌లు. గరగర ఉండదు, చవక, కానీ కొన్నేళ్ళకి లోపల విరుగుతుంది. వాడి పారేసే వస్తువు అనుకోండి.

*స్పైరల్ కోర్*: సన్న తీగని దారం చుట్టినట్టు చుట్టి ఉంటుంది. మీటరుకి కొన్ని కిలో ఓమ్‌లే, అయినా గరగర ఆపుతుంది. ఎలక్ట్రానిక్ కిట్ వేసినవాళ్ళకి నేను చెప్పేది ఇదే.

ఇక్కడ పెద్ద హెచ్చరిక. డిస్ట్రిబ్యూటర్ లోపల ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టుకుని పైన ఉత్త రాగి వైర్లు, రెసిస్టర్ లేని ప్లగ్గులు ఉంచేస్తే ఆ గరగర మాడ్యూల్‌కే తగులుతుంది, ఇంజిన్ ఎక్కడపడితే అక్కడ కొట్టుకుంటుంది, కొన్నిసార్లు మాడ్యూలే పోతుంది. "ఎలక్ట్రానిక్ వేయించాక ఇంకా పాడైంది" అనేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది ఇది.

అలాగని రెసిస్టర్ ప్లగ్గు, కార్బన్ వైరు, రెసిస్టర్ క్యాపు, రెసిస్టర్ రోటర్ అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చకండి. ఆర్ ప్లగ్గులోనే సుమారు 5 కిలో ఓమ్‌లు ఉంటుంది. అసలే పాత కాయిల్, దానికి ఇన్ని అడ్డాలు పెడితే తడి రోజున స్టార్ట్ కాదు. దారిలో ఎక్కడో ఒక చోట చాలు.

లూకాస్ కంపెనీ 25డీ మోడల్ డిస్ట్రిబ్యూటర్ ఉన్నవాళ్ళు క్యాపు రకం చూసుకోండి. వైరు పక్కనుంచి దూరి లోపల మొనదేలిన స్క్రూతో బిగించే రకమైతే ఆ స్క్రూ వైరు నడిమిలోకి గుచ్చుకోవాలి, అది రాగి వైరుతోనే సరిగ్గా కుదురుతుంది, కార్బన్ కోర్‌ని చీల్చేస్తుంది. కార్బనో స్పైరలో కావాలంటే వైర్లు పైనుంచి నొక్కే రకం క్యాపు తెచ్చుకుని మార్చుకోండి, డిస్ట్రిబ్యూటర్ మార్చనక్కర్లేదు.

మందం గురించి: 7 మి.మీ. చాలు. 8 మి.మీ.లో పెరిగేది బయటి ఇన్సులేషన్, పికప్ కాదు, పైగా పాత కారు వైర్ క్లిప్పుల్లో పట్టదు. ఎగ్జాస్ట్‌కి దగ్గరగా వెళ్ళే ఇంజిన్ అయితే సిలికాన్ తీసుకోండి, వేడికి ఆగుతుంది, కానీ మెత్తన కాబట్టి ఎక్కడైనా రాసుకుంటే తొందరగా కోసుకుపోతుంది. గుడ్డ అల్లిక వైర్లు అందానికి కావాలంటే పాతవి వెతక్కండి, పైన గుడ్డ లోపల కొత్త ఇన్సులేషన్ ఉన్నవి దొరుకుతున్నాయి.

సొంతంగా కోసుకుని కట్టుకునే సెట్ అయితే పాత వైరు పక్కన పెట్టి కాస్త పొడుగ్గా కోయండి. కార్బన్ కోర్‌ని వెనక్కి మడిచి ఇన్సులేషన్ మీద పడుకోబెట్టి దాని మీద టెర్మినల్ క్రింప్ చేయాలి. దానికి సోల్డర్ పట్టదు, ప్రయత్నించొద్దు.

7. గ్యాప్ పెట్టండి

డబ్బాలోంచి వచ్చిన గ్యాప్‌ని నమ్మొద్దు, ప్రతిదీ కొలవండి. పాయింట్లు ఉన్న కార్లకి చాలావరకు 0.6 మి.మీ. పాయింట్ల బదులు చిన్న మాడ్యూల్ మాత్రమే పెట్టి పాత కాయిలే ఉంచితే గ్యాప్ కూడా పాతదే ఉంచండి, మాడ్యూల్ పాయింట్ల పని మాత్రమే చేస్తుంది, స్పార్క్ బలం కాయిల్‌ది. బలమైన కాయిల్ కూడా వేస్తే 0.8, 0.9 దాకా పోవచ్చు, కిట్ కాగితంలో ఏముంటే అది.

వంచేది పక్క ఎలక్ట్రోడ్‌నే. మధ్యదాని మీద స్క్రూడ్రైవర్ ఆనించి ఎత్తితే పింగాణీ చిట్లుతుంది, కనపడదు కూడా.

8. బిగించండి

ప్లగ్గు తలకి రబ్బరు గొట్టం తొడిగి దాన్ని పట్టుకుని తిప్పండి. మర అడ్డంగా పడితే గొట్టం జారుతుంది, హెడ్ బతుకుతుంది. స్పానర్‌తో మొదలుపెట్టొద్దు. మొత్తం చేత్తోనే దిగాలి, దిగకపోతే తీసి మళ్ళీ.

చేత్తో బిగిసాక కొత్త వాషర్ ఉన్నదానికి అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. పాత ప్లగ్గే మళ్ళీ వేస్తుంటే వాషర్ ఇప్పటికే నలిగింది కాబట్టి పన్నెండో వంతు చాలు. ఏటవాలు సీటుకి పదహారో వంతు, అంతకి మించితే మళ్ళీ ఊడిరాదు. టార్క్ రెంచ్ ఉంటే వాషర్ ఉన్న 14 మి.మీ. ప్లగ్గుకి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. మరలకి గ్రీజు గానీ యాంటీ సీజ్ గానీ పూయకండి, జారుడుకి అనుకున్నదానికంటే ఎక్కువ బిగిసిపోతుంది, ఇప్పటి మంచి ప్లగ్గులకి పూత ఎలాగూ ఉంటుంది.

9. వైర్లు ఒక్కొక్కటే మార్చండి

పాతది ఒకటి తీసి, అంతే పొడుగు కొత్తది పెట్టి, టక్ అని కూర్చుందా చూసి, అప్పుడు రెండోది. అన్నీ ఒకేసారి పీకేసినవాళ్ళు ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు పేలే వరస) వెతుక్కోవాలి: బ్రిటిష్ ఫోర్ సిలిండర్లలో చాలావాటికి 1-3-4-2, బీటిల్‌కి 1-4-3-2. రోటర్ ఏ వైపు తిరుగుతుందో కూడా చూసుకోవాలి.

వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) వాళ్ళకి ఇంకోటుంది. పక్కపక్కన ఉండి వెంటవెంటనే పేలే సిలిండర్ల వైర్లు ఆనుకుని పోతే ఒకదాని కరెంటు రెండోదాంట్లో స్పార్క్ పుట్టిస్తుంది. చెవీ (షెవ్రొలే) స్మాల్ బ్లాక్ ఇంజిన్లో 5, 7 సిలిండర్లు. ఫోర్డ్ 289, పాత 302లలో 7, 8. ఆ రెండింటినీ దూరంగా నడిపించండి, తప్పకపోతే ఒకదాన్నొకటి అడ్డంగా దాటించండి. వైర్లన్నీ జిప్ టైతో కట్టగట్టడం చూడ్డానికే బాగుంటుంది.

పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉండేది) నుంచి నెగటివ్ ఎర్త్‌కి మార్చిన కారైతే కాయిల్ రెండు చిన్న వైర్లు కూడా అటుదిటు మార్చారో లేదో చూడండి. మార్చకపోయినా కారు నడుస్తుంది, కానీ స్పార్క్‌కి ఎక్కువ వోల్టేజ్ కావాలి, ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

10. సరిగ్గా వచ్చిందా లేదా

పెట్టక ముందే ప్రతి వైరునీ మల్టీమీటర్‌తో కొలవండి. పొడుగుని బట్టి తేడా ఉంటుంది, కానీ ఒక్కటి మాత్రం లెక్కకి రాకుండా ఎక్కువ చూపిస్తే పక్కన పెట్టండి. కొలుస్తూ వైరుని అటూ ఇటూ వంచండి, అంకె ఎగురుతుంటే లోపల విరిగినట్టే.

రాత్రి చీకట్లో ఇంజిన్ ఐడిల్లో పెట్టి వైర్ల మీద స్ప్రే సీసాతో నీళ్ళు సన్నగా చిలకరించండి. ఎక్కడైనా నీలం గీత గెంతితే అక్కడ లీకు. చేత్తో ముట్టుకోవద్దు, వేల వోల్టులు, గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు దగ్గరికే రావద్దు. ఇంజిన్ నడుస్తుండగా వైరు పీకి ఏ సిలిండర్ చచ్చిందో చూడటం పాయింట్ల కాలం పద్ధతి, ఎలక్ట్రానిక్ ఉంటే చేయకండి, ఖాళీగా వేలాడే వైరు వల్ల మాడ్యూలో కాయిలో పోతుంది. మధ్యలో తగిలించే స్పార్క్ టెస్టర్ వాడండి.

తర్వాత రోడ్డు మీద. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద కాస్త ఎత్తులో గట్టిగా లాగించి, అక్కడే క్లచ్ నొక్కి ఇగ్నిషన్ ఆపి పక్కకి ఆపండి. స్టీరింగ్ లాక్ ఉన్న కారైతే తాళం తీయకూడదు, బ్రేక్ బూస్టర్ ఉంటే పెడల్ గట్టిపడుతుందని గుర్తుంచుకోండి. చల్లారనిచ్చి ప్లగ్గు విప్పి చూడండి. ఐడిల్లో పదినిమిషాలు ఉంచి విప్పి చూసిన రంగుకి అర్థం లేదు, అది ఐడిల్ మిక్చర్ రంగు మాత్రమే.

కొత్తవి వేశాక ఓ 500 కిలోమీటర్లకి మళ్ళీ ఒకసారి రంగు, గ్యాప్, బూట్ల బిగువు చూసుకోండి. తీసిన పాత సెట్‌లో బాగున్న ప్లగ్గులు తుడిచి, పొడుగాటి పాత వైరు ఒకటి, ఆ ప్లగ్ సాకెట్ కూడా డిక్కీలో పడేసి ఉంచండి, దారిలో మిస్సింగ్ మొదలైతే అనుమానం ఉన్న సిలిండర్‌కి మార్చి చూడ్డానికి అవే పనికొస్తాయి.